మీకు వచ్చిన లైకులు

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం మీకు చేరదని తెలుసు. చేరితే ఎర్ర పెన్సిల్‌తో తప్పులు దిద్ది నాకే తిప్పి పంపేవారు.

మన లైబ్రరీ ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంది. మీరు పోయాక లైబ్రరీకి వచ్చిన కొత్త ఆఫీసరు, అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయంటూ ముందు న్యూస్‌పేపర్లు ఆపించాడు. తర్వాత కౌంటర్లో పుస్తకాలిచ్చే నా చేతిలో ఫోన్ పెట్టి, రోజుకో రీల్ చేయమన్నాడు. ‘నిశ్శబ్దం’ బోర్డున్న గదికి డప్పుల పాట తగిలించాను. ఆయనగారు బీరువా ముందు పుస్తకం తెరిచి ఫోజిచ్చాడు. ఫోటో కాగానే ఆ పుస్తకాన్ని తలకిందులుగా అరలో కుక్కాడు. ఆ ఫోటోకి లైక్ కొట్టింది వాళ్ల బామ్మర్ది ఒక్కడే.

మొన్న విసుగొచ్చి మీ ఫోటో పెట్టాను. కిటికీ దగ్గర పేపరు ఒళ్లో పెట్టుకుని మీరు కునుకు తీస్తుంటే, ఆటపట్టించడానికి ఒకప్పుడు నేను తీసింది. మన మారేడ్‌పల్లి అంతా చూసినట్టుంది. ‘తాత ఎంత క్యూటో’ అట. మీరున్నన్నాళ్లూ వీళ్లలో ఒక్కరూ మన గడప తొక్కలేదు.

ఆఫీసరు పొంగిపోయాడు. “గీ పెద్దాయనకు మస్తు లైకులొచ్చినయ్ మేడం. జెర పిలిపియ్యండి, ఇంకో రీల్ చేద్దాం.”

“ఆయన పేపరు కోసం వచ్చేవారు సార్. పేపర్లు మీరే ఆపించారు కదా” అన్నాను.

“గంతేనా? రేపట్నుంచి తెప్పిస్తా.”

ఈ ఉదయం పేపరు వచ్చింది. మీ కుర్చీలో పెట్టాను. ఆఫీసరు ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడి మీకోసం చూస్తున్నాడు.

చూడనివ్వండి.