కంచెకు అవతలి వయ్యారిభామ

నాందేడ్,
9 ఆగస్టు 2002.

కిన్వట్‌లోని లీలక్కకు,

తోటికోడలు భాగ్యవతి నమస్కారాలు. బావగారికి నా దండాలు చెప్పు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కదా, రాశాను. క్షేమం కాదు.

ఏళ్లుగా ఒకటే ప్రశ్న మోస్తున్నాను. ఆ మాట అనడానికి నీకు నోరెట్లా వచ్చింది అక్కా?

మన పెరడు రెండు వాటాలై మధ్యన ఇనుప తీగ కట్టిన నాడు, మామయ్య అన్నదమ్ములిద్దరి చేతుల్లో మాహూర్ ఎల్లమ్మ బండారు పసుపు పోసి ఒట్టు వేయించాడు. ఒకరి వాటాలో ఒకరు అడగకుండా కాలు పెట్టకూడదు. అడగడం కూడా ఒట్టు పట్టినవాళ్లే అడగాలి. మీరు కిన్వట్ వెళ్లాక మీ సగం బీడు పడింది. మొదట నాలుగైదు మొక్కలే కనిపించాయి. ఇక్కడివాళ్లు గాజర్ గవత్ అంటారు, మన వయ్యారిభామ గడ్డే. ఇప్పుడు నడుమెత్తు పెరిగింది. ఆ తెల్లపూత వచ్చిందంటే నా బిడ్డ రూపాలికి ఊపిరాడదు. పిల్లకు ఆ పుప్పొడి పడటం లేదు, పూత రాకముందే వేర్లతో పీకించండి అన్నాడు డాక్టరు.

నా వైపు పీకుతూనే ఉన్నాను. వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతులకు పాల సంచులు తొడుక్కుని. ఉప్పునీళ్లు కొడితే నా దోసపాదు చచ్చింది, అది బతికింది. గడ్డిని ఎదగనివ్వదంటే కంచె పొడుగునా బంతి వేశాను. ఏం లాభం? ఒక్క గాలి వీస్తే మీ సగంలోని విత్తనమంతా నా మడుల్లోనే. పక్కింటి ఉమాబాయి గోడ మీది నుంచి చూసి, ఏం భాగ్యా, యం.ఏ. చదివి గడ్డి పీకుతున్నవా, మేం చదువకుండనే పీకుతున్నం గద, అని నవ్వుతుంది.

చివరికి మీ మరిది చేతే అడిగించాను. పీక్కోండి అని నువ్వొక్క మాట అంటే చాలు. ఆయన ఎస్టీడీ బూత్ నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా, నీ జవాబు చెప్పాడు. మా సగంల కాలు వెడితే ఎల్లమ్మ చూస్కుంటది, పోరి దగ్గు పోరి నసీబ్ అన్నావట. ఆ తర్వాత ఏటా అడిగాడు. ఏటా అదే జవాబు.

దాన్ని తొట్టెలలో వేసి ఊపింది నువ్వు. దానికి మొదటి అన్నం ముద్ద పెట్టింది నువ్వు. నీ కొడుకు యోగేశ్ పెళ్లికి నేను రాకపోవడానికి కారణం జ్వరం కాదక్కా, ఆ మాట.

ఒట్టును నమ్ముతావా అంటే చెప్పలేను. ఔరంగాబాద్‌లో ఎన్ని పుస్తకాలు చదివినా తీగ దగ్గరికి పోతే కాలు ఆగిపోతుంది. అది దేవి భయమో, నీ మీది పంతమో తెలియదు. ఒట్టు పట్టనిదాన్నే అయినా ఈసారి నేనే అడుగుతున్నాను. ఒక కార్డు ముక్క రాయి. వద్దనేదైనా నీ చేత్తోనే రాయి.

ఇట్లు,
నీ తోటికోడలు
భాగ్యవతి

తా.క.: కవరు అంటించే ముందు ఇదంతా మీ మరిదికి చదివి వినిపించాను. పోస్టు చెయ్యకు అన్నాడు. ఎందుకని గట్టిగా అడిగితే, వదినె ఆ మాట అనలే, నేను అసలు ఫోనే చెయ్యలే అన్నాడు. గడ్డి అట్లనే ఉంటే బయటోళ్లు ఎవ్వరూ కొనరు, అన్న ఇసిగి ఆ సగం మనకే అగ్గువకు అమ్ముతడు, రూపాలి పేరు మీదనే రాపిద్దామనుకున్న అన్నాడు.

ఇది చింపి మళ్లీ రాయొచ్చు. కానీ ఇన్నేళ్లు నీ గురించి నేనేం నమ్మానో నీకు తెలియాలి. అంత సులువుగా ఎలా నమ్మానో మాత్రం నన్నడగకు. గడ్డి పీకడానికి ఒప్పుకో, చాలు.

ఊపిరాడక రూపాలి లేచి కూర్చుంటే, పక్కన కూర్చుని వీపు నిమిరేది ఆయనే. దానికి నాన్నంటే ప్రాణం. ఈ సంగతి దానికి చెప్పాలా వద్దా, నాకు తేలడం లేదు.