పంచె కింద కాళ్లు

ఆగస్టు, ఆదివారం

పొద్దుటి నుంచి కాళ్లు కిందికే వేలాడేసి ఉంచాను. ఇప్పుడు వేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోతోంది.

ఇది బోదకాలు కాదని డాక్టరు తేల్చి చెప్పాడు. లింఫ్ అనే నీరు ఒంట్లో పైకి పోవడానికి గుండెలాంటి పంపు లేదట. దాని నాళాలే పిండుకుంటూ తోయాలట. వయసు మీదపడితే వాటి పట్టు సడలుతుందట. నడవమన్నాడు, కూర్చుంటే కాళ్లు స్టూలు మీద ఎత్తులో పెట్టమన్నాడు. రైల్వే యార్డులో వ్యాగన్ల వెంట జీవితమంతా నడిచిన కాళ్లకు ఇదీ బహుమానం!

ఈరోజు మనవరాలిని చూడటానికి నెహ్రూ నగర్ నుంచి పెళ్లివారు వచ్చారు. వాళ్లదీ మాలాగే శ్రీకాకుళం వైపే. మా ఆవిడ ముందే హుకుం జారీ చేసింది.

"ఆ స్టూలు లోపల ఎట్టీండి. కాళ్లు సూత్తే బోదకాలోళ్ల పిల్ల అంతారు. పంచె కిందకి దించుకోండి."

"డాక్టరు కాదన్నాడు గదే."

"అచ్ఛా, డాక్టరేటన్నాడో ఆళ్లకేటి తెలుస్తాది?"

వాళ్లున్నంతసేపూ కాళ్లు బరువెక్కుతుంటే నవ్వుతూ కూర్చున్నాను. నాకెదురుగా పెళ్లికొడుకు తాత, ఆయనా రైల్వేలో రిటైరైనవాడే. పంచె పాదాల మీదికి దించుకుని, కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. పెద్దరికం అనుకున్నాను.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆయన పాదం చెప్పులో పట్టలేదు. వంగితే పంచె తొలగింది. ఆయన కాళ్లూ నా కాళ్లలాగే ఉబ్బి ఉన్నాయి. నేను చూడటం ఆయన చూసి, గబుక్కున సర్దుకున్నాడు.

మధ్యలో ఆ స్టూలు వేసుకుంటే ఇద్దరికీ సరిపోయేది.