టోకెన్ లేని అవ్వ

చెల్లీ ఇన్నాసమ్మా,

పుప్పాలగూడలో నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు.

క్రిస్మస్ ముందు ఆగమన కాలం మొదటి ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు పేదలకు దుప్పట్లు పంచాం. టోకెన్లు చూసి ఇచ్చే పని నాది. ముప్పయ్యేళ్ళు బడి పిల్లల హాజరు వేసిన చెయ్యి కదా, టోకెన్ లేకుండా వచ్చిన ఒక ముసలామెను వచ్చే వారం రమ్మన్నాను. "వచ్చే వారం దాంక చలిని జర ఆగుమని నువ్వే చెప్పమ్మా" అంది. వెనక వాళ్ళు నవ్వారు. నాకు రోషం వచ్చి ఇవ్వలేదు. చివరికి తొమ్మిది దుప్పట్లు మిగిలాయి.

రెండో ఆదివారం ఆమె రాలేదు. కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్ సెల్లారులో ఉంటుందంటే ఒక దుప్పటి తీసుకుని వెళ్ళాను. గురువారమే జ్వరంతో పోయిందట. పేరేమిటని వాచ్‌మన్‌ను అడిగితే, "అవ్వా అని పిలిచేటోళ్ళం. పేరెవరికెర్క" అన్నాడు.

ఆమె ఆత్మ కోసం పూజ పెట్టిద్దామంటే ఇక్కడ అన్నీ ఫోన్లోనే, పేరు నింపనిదే ఫారం ముందుకు కదలదు. అందుకని అక్కడ నువ్వు పెట్టించు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? గోంగూర పచ్చడి పంపితే ఉప్పు తగ్గించు, నా బీపీ మీద నాకన్నా మా కోడలికే బెంగ. పిల్లలకు నా దీవెనలు.

పూజకు ఫాదర్ గారు పేరు అడిగితే నాదే రాయించు. నేను పోయాననుకుని ఎవరైనా పరామర్శకు వస్తే, ఇంకా ఉంది, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటోందని చెప్పు.

నీ అక్క,
శౌరీలమ్మ