పదమూడో పక్కటెముక

కర్నూలు,
1936 జూలై 9

ప్రియమైన నాయనకు,

నీ గుల్షన్ సలాములు. నేను బతికే ఉన్నాను. అంతకు మించి గొప్పగా చెప్పుకోవడానికి ఇక్కడ ఏమీ లేదు.

నర్సు పని అంటే మనం ఏమనుకున్నాం? తెల్ల చీర కట్టుకుని, జ్వరం చూసి, మందు తాగించడం అనుకున్నాం. ఆ పని ఇంకా చాలా దూరంలో ఉందట. ముందు శరీరశాస్త్రం అని ఒకటి చదవాలట. ఒంట్లో ఎముకలు రెండు వందల ఆరు. ఒక్కోదానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరు ఒకటి, అంతకన్నా తిరగని తెలుగు పేరు ఇంకొకటి. ఎముకలు అయిపోయాయి కదా అని ఊపిరి పీల్చుకుంటే, ఆ ఊపిరి ఏ దారిన పోయి ఏ దారిన వస్తుందో చెప్పమంటారు.

పాఠం చెప్పేది రాహేలమ్మ సిస్టరు. ఆమె బీరువా తెరిస్తే లోపల నిజమైన మనిషి ఎముకల గూడు నిలబడి ఉంటుంది. మేం ఆయన్ని తాత అని పిలుస్తాం. నా గదిలో ఉండే కోసిగి పిల్ల రామేశ్వరమ్మ మొదటి రోజే ఆయన్ని చూసి కళ్లు తిరిగి పడిపోయింది. ఇప్పుడు ఆయన భుజానికి తువ్వాలు ఆరేస్తోంది.

నాయనా, అసలు సంగతి విను. సెప్టెంబరులో ఒక పరీక్ష. అది తప్పితే జనవరిలో ఇంకొకటి. రెండూ తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి రావాల్సిందే. వస్తే గుమ్మంలో అబ్దుల్ కరీం మామ తన కొడుకుని పెళ్లికొడుకుగా నిలబెట్టుకుని ఉంటాడు. ఆ ఎద్దుల బేరగాడు నా పళ్లు కూడా లెక్కపెట్టి చూస్తాడు. నాకు ఈ చదువు కావాలి. ఎట్లా గట్టెక్కుతానో తెలియడం లేదు.

నీ బిడ్డ,
గుల్షన్

మరిచాను. కార్డు రాయొద్దు, కవరే రాయి. పైన అంగడి సంగతి ఏమీ వద్దు. ఇక్కడ కార్డులు అందరూ చదువుతారు.

కమలాపురం,
1936 జూలై 20

నా బంగారు తల్లి గుల్షన్‌కు,

మీ నాయన లాల్ అహమ్మద్ దువా, దీవెనలు. నీ జాబు చదివి వినిపిస్తే మీ అమ్మ జులేఖా బీ ముక్కు చీదింది. నీ కష్టానికి కాదులే, బీరువాలో మనిషిని నిలబెట్టినారని. "ఆయప్పకు పెండ్లాం బిడ్డలు లేరా? పూడ్చేటోళ్లే దొరకలేదా?" అంటాది. ఆయనకు నా సలాం చెప్పు.

ఇంక నువ్వు ఏడ్సాల్సిన పని లేదు బిడ్డా. ముప్పై ఏండ్లుగా నేను చేసే పని ఏంది? మీ సిస్టరమ్మ పుస్తకంలో చూసేది నేను రోజూ పొద్దున్నే కండ్లారా చూస్తాండా. రాసుకో. పక్కటెముకలు పదమూడు జతలు. కండ్లు మూసుకుని తడిమి చెప్తా. పొట్టలు నాలుగు: పెద్ద పొట్ట, తేనెపట్టు మాదిరి పొట్ట, పుస్తకం మాదిరి మడతల పొట్ట, ఆఖర్న పులుసు పొట్ట. మెడ కింద అడ్డెముక ఒకటి ఉంటాదని పుస్తకాల్లో రాస్తారంట, ఇక్కడి బడి అయ్యవారు చెప్పినాడు, అది ఉత్త అబద్ధం. నిన్న మూడు పొట్టేళ్లలో వెతికినా. లేదు. రాసినోనికి తిక్క.

గుండెకాయ సంగతి బాగా విను. నాలుగు గదులు. కింది గదుల గోడ మందం, పైగదుల గోడ పల్చన. కోసేటప్పుడు కత్తి మొన తగిలిందంటే పైగదికి చీలిక పడతాది. కొత్తోళ్లు దాన్ని నెత్తురు వచ్చే నరం నోరు అనుకుంటారు. నరం నోటికి అంచు గుండ్రంగా, మెత్తగా ఉంటాది. కత్తి చీలికకు ఉండదు. ఎడమచేతి వాటం వాడని ఊరంతా నన్ను ఎగతాళి చేస్తారు గానీ, ఈ ఎడమచేతి కత్తి ఇంతవరకూ ఒక్కసారి జారలేదు.

ఇది చాలు. మొదటి మార్కు నీదే.

నీ నాయన,
లాల్ అహమ్మద్

కర్నూలు,
1936 సెప్టెంబరు 28

ప్రియమైన నాయనకు,

సలాములు. తప్పాను. నూటికి పంతొమ్మిది.

మనిషికి పక్కటెముకలు పదమూడు జతలని రాశాను. బీరువా తాత ముందు కూర్చుని లెక్కపెడితే పన్నెండే వచ్చాయి. అయినా నా చెవిలో నీ గొంతే. తాతకు ఒక జత ఊడిపోయి ఉంటుంది, మా నాయన తప్పు చెప్పడు అనుకున్నాను. మెడ కింద అడ్డెముక గురించి రాయమంటే "ఆ ఎముక లేదు" అని ఒక్క ముక్కలో రాశాను. పొట్టలు నాలుగూ పేర్లతో సహా రాసి, పక్కన బొమ్మ కూడా వేశాను.

రాహేలమ్మ సిస్టరు నా పేపరు క్లాసులో గట్టిగా చదివింది. కళ్లద్దాలు తీసి, "గుల్షన్ బీ, భోజనం అయ్యాక నువ్వు నెమరు వేస్తావా?" అని అడిగింది. క్లాసంతా బల్లల మీద పడి నవ్వింది. అప్పటినుంచి అన్నం దగ్గర నేను దవడ కదిలిస్తే చాలు, ఒకటే కిసకిస.

అందరూ పోయాక ఆమె నన్ను పిలిచి మెల్లగానే చెప్పింది. "జనవరిలో మద్రాసు నుంచి డాక్టరమ్మ వస్తారు. నోటి పరీక్ష కూడా ఉంటుంది. నీ జవాబులో మళ్లీ మేక గానీ పొట్టేలు గానీ కనిపిస్తే నేను కూడా కాపాడలేను" అంది.

నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. ఇక నాకు పాఠాలు చెప్పొద్దు నాయనా.

గుల్షన్

కమలాపురం,
1936 అక్టోబరు 8

నా తల్లి గుల్షన్‌కు,

దువా. నీ జాబు చూసి రెండు దినాలు అంగడి తీయలే. మూడో దినం పట్టుదల వచ్చింది. మనిషిని లెక్కపెట్టి చూస్తే పోలా అనుకున్నా.

మొదట మీ అబ్దుల్ కరీం మామను పట్టుకున్నా. ఆయన ఒంట్లో ఎముక అనేది నా చేతికి తగల్లే. ఇంక బండి తోలే తిమ్మయ్య ఎంత బక్కోడో నీకు తెలుసు గదా. అంగడి కాడికి రాంగానే చొక్కా ఇప్పించి తడిమినా. చక్కిలిగింతలకు వాడు గెంతులేస్తాంటే నలుగురు గుమిగూడినారు. ఈ పక్క పన్నెండు, ఆ పక్క పన్నెండు. మళ్లీ లెక్కపెడతానంటే, "ఏమప్పా, నన్ను తూకానికి పెడతాండావా?" అని చొక్కా వదిలేసి పరుగెత్తినాడు. అయినా తిమ్మయ్య ఒక్కడ్ని చూసి నేను ఒప్పుకోను. వాడు కరువులో పుట్టినోడు.

అడ్డెముక మాత్రం ఉండాది. అద్దంలో చూసుకున్నా, రెండు భుజాల కాడా. యాభై ఏండ్లుగా మోసుకుని తిరుగుతాండా, తెలీలే. నీ మార్కులు పోయింది నా వల్లనే బిడ్డా. తప్పు నాది.

వచ్చే మంగళవారం నేనే వస్తాండా. గుంతకల్లులో ఒకసారి, ద్రోణాచలంలో ఒకసారి బండి మారాల. మీ అమ్మ బెల్లం వేసి చెనిక్కాయల ఉంటలు చేస్తాండాది. పాఠం చెప్పనులే. ఊరికే చూసి పోతా.

నీ నాయన

కర్నూలు,
1936 అక్టోబరు 24

ప్రియమైన నాయనకు,

సలాములు. ఇల్లు క్షేమంగా చేరావని తలుస్తాను. ఉంటలు అదే సాయంత్రం అయిపోయాయి. రామేశ్వరమ్మ మాంసం ముట్టదు గానీ ఉంటల దగ్గర పులి.

నాయనా, ఆ కోటు ఎక్కడిది? చేతులు మోచేతి దాకానే ఉన్నాయి, గుండీలు ఊపిరి పీలిస్తే ఎగిరిపోయేట్టున్నాయి. ఎండలో చెమటలు కారుతున్నా విప్పలేదు. అమ్మాయిలు పలకరిస్తే "ఊ", "ఆ" తప్ప మాట లేదు. అంగడిలో నిన్ను ఆపడం ఎవరి తరమూ కాదు కదా, ఇక్కడ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నావు. పోయేటప్పుడు మా గేటు కాపలాదారు తిమ్మన్న నీకు వంగి సలాం పెట్టాడు. అతను డాక్టర్లకే అట్లా పెడతాడు.

నా మీద కోపంతో మాట్లాడలేదేమో అని దిగులుగా ఉంది. కోపం వద్దు. నేను పిచ్చిగా చదువుతున్నాను. పన్నెండు జతలు, ఒక పొట్ట అని తాత ఎదుట రోజూ జపం చేస్తున్నాను. పరీక్ష జనవరి 18న. ఆ రోజు మాత్రం నువ్వు రావొద్దు. నువ్వు కనిపిస్తే నా నోట్లోంచి పొట్టేలే వస్తుంది.

నీ బిడ్డ,
గుల్షన్

కర్నూలు,
1937 జనవరి 21

ప్రియమైన నాయనకు,

సలాములు. కొత్త సంవత్సరం వచ్చినప్పటి నుంచి నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. ఏమైంది నీకు? సరే, ముందు నా కథ విను. కూర్చుని విను.

నోటి పరీక్షకు ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. బల్ల మీద పళ్లెంలో గుండెకాయ. మనిషిది కాదు, పొట్టేలుది. పరీక్షకు అదే పెడతారట. ఒక్కో భాగం చూపిస్తూ మనిషి గుండె అనుకుని చెప్పాలి. నా ముందు పోయిన పదకొండు మందిలో ఆఖరిది రామేశ్వరమ్మ. బయటికొస్తూ నా చెవిలో ఊదింది. "ఎడమపక్క పైగదిలో ఒక రంధ్రం చూపిస్తాది. ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిర అని చెప్పు. అందరమూ అదే చెప్పినాం."

లోపలికి పోయాను. అన్నీ సరిగ్గానే చెప్పాను. మద్రాసు డాక్టరమ్మ తల ఊపుతూ ఉంది. ఆఖరున పుల్లతో ఆ రంధ్రం చూపించింది. వంగి దగ్గరగా చూశాను నాయనా. అది సిర కాదు. అంచు గుండ్రంగా లేదు. ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం, వాలు నీ కోతల్లాగే ఎడమచేతి వైపుది. ఎవరో కత్తి జార్చుకున్నారు. సిర అంటే గట్టెక్కుతాను. నిజం చెప్తే నీకెట్లా తెలుసు అంటారు. అప్పుడు పొట్టేలు వస్తుంది, పొట్టేలు వెనకాలే నువ్వు వస్తావు.

ఇక్కడ నీకొక పాడు సంగతి చెప్పాలి. చేరిన రోజు అందరూ మీ నాయన ఏం చేస్తాడని అడిగారు. పక్కనే మాంసం ముట్టని రామేశ్వరమ్మ. నేను తోళ్ల వర్తకుడు అన్నాను. కార్డు వద్దు, కవరు రాయమన్నది అందుకే. నీ పని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఆ పని పెట్టిన అన్నం తిని, ఆ పని కట్టిన ఫీజుతో చదువుతూ సిగ్గుపడ్డాను.

డాక్టరమ్మ మళ్లీ పుల్లతో పళ్లెం మీద కొట్టింది. నేను కళ్లు మూసుకుని అనేశాను. "ఇది సిర కాదమ్మా. కత్తి జారింది. కోసినవాడిది ఎడమచేతి వాటం." రాహేలమ్మ సిస్టరు మొహం పాలిపోయింది. "నీకెట్లా తెలుసు?" అంది డాక్టరమ్మ. "మా నాయన కమలాపురంలో కసాయి. ఆయన నేర్పించాడు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, వరండాలో ఉన్న వాళ్లందరికీ వినిపించిందట.

ఆమె గుండెకాయను కిటికీ దగ్గరికి తీసుకుపోయి తిప్పి తిప్పి చూసింది. తర్వాత పడీ పడీ నవ్వింది. "పొద్దున్నుంచి నేను కూడా సిర అనుకునే అడుగుతున్నాను" అంది. పదకొండు మందికీ ఆ ప్రశ్న కొట్టేశారు. నాకు నూటికి ఎనభై ఒకటి. నేను ఇంటికి రావడం లేదు నాయనా, నర్సునవుతున్నాను! రామేశ్వరమ్మ మాత్రం నా వీపు మీద ఒకటి చరిచి, "ముందే చెప్పింటే మీ నాయన కాడ మేమూ నేర్చుకుంటాంటిమి గదమ్మే!" అని తిట్టింది. ఒక్కరూ మొహం తిప్పుకోలేదు. తిప్పుకున్నది నేనొక్కదాన్నే. నన్ను క్షమించు.

ఆ చేతకానివాడెవడో గానీ వాడికి దండం పెట్టాలి. నీలాగే ఎడమచేతి వాటం ఉంటే ఏం లాభం, నీ పనితనం వాడికి ఎక్కడిది?

నీ బిడ్డ,
గుల్షన్

కమలాపురం,
1937 జనవరి 28

నా నర్సమ్మకు,

దువా, వెయ్యి దువాలు. మీ అమ్మ వీధంతా చక్కెర పంచింది. అబ్దుల్ కరీం మామ కూడా తిన్నాడు, మొహం వేపాకు మాదిరి పెట్టుకుని.

ఆ చేతకానోడు నేనే బిడ్డా.

నువ్వు రావొద్దంటివి. కొత్త సంవత్సరం నుంచి కాలు నిలవలే, కలం పట్టబుద్ధి కాలే. పరీక్షకు ముందు దినమే బండెక్కి వచ్చి గౌస్ పీర్ అంగట్లో కూర్చున్నా. మీ ఆసుపత్రికి మాంసం పోయేది ఆ పాత దోస్తు అంగడి నుంచే. తెల్లారి లేవి అనే మీ వంటమనిషి వచ్చి, "పరీక్షకంట, నరాలు తెగకుండా ఒక గుండెకాయ కావల్లప్పా" అన్నాడు. గౌస్ పీర్ కత్తి తీసినాడు. నేను లాక్కున్నా. నా బిడ్డ ముందర పెట్టేది నేనే కోయాల అనుకున్నా. అంతే, ముప్పై ఏండ్లలో మొదటిసారి కత్తి జారింది. ఇంకొకటి కోద్దామంటే లేవి పళ్లెం తీసుకుని అప్పుడే పోయినాడు. నీ జాబు అందేదాకా నాకు అన్నం దిగలే.

గేటు దాకా వచ్చి నిన్ను చూద్దామనుకున్నా. లుంగీ నిండా రక్తం. తోళ్ల వర్తకుడు అట్ల వస్తే బాగుంటాదా? తిరిగి బండెక్కినా. అవును తల్లీ, నాకు తెలుసు. అక్టోబరులో నేను మొదట గేటు కాడికి వస్తే తిమ్మన్న, "తోళ్ల వర్తకులు లాల్ అహమ్మద్ సాహెబు తమరేనా?" అన్నాడు. తమరేనంట! ఔనన్నా. అన్నాక నా గుడ్డలు చూసుకున్నా. ఇప్పుడే వస్తానని వెనక్కి పోయి గౌస్ పీర్ పెండ్లినాటి కోటు అడిగి తొడుక్కొచ్చినా. నీ మీద కోపంతో కాదు మాట్లాడంది. నోరు తెరిస్తే గుండీలు పోతాయి, అంగడీ బయటపడతాది.

నొచ్చుకోలేదంటే అబద్ధం. బండిలో ద్రోణాచలం దాకా ఏడ్చినా. అయితే ఇప్పుడు నీ జాబు అంగట్లో వచ్చినోళ్లందరికీ చదివి వినిపిస్తాండా. "మా నాయన కసాయి" అనే కాడ రెండుసార్లు చదువుతాండా. క్షమించేదానికి ఇంక ఏముండాది?

రామేశ్వరమ్మకు నా తరఫున తప్పయిందని చెప్పు. ఉంటలు రెండింతలు పంపిస్తా. వచ్చే నెల వస్తాండా, లుంగీతోనే. తిమ్మన్నకు ముందే చెప్పి పెట్టు. బీరువా తాతకు కూడా సలాం చెప్పి, పన్నెండు జతలేనని కమలాపురం లాల్ అహమ్మద్ ఒప్పుకున్నాడని చెప్పు.

నీ నాయన,
లాల్ అహమ్మద్, కసాయి

ఈసారి కార్డు మీదనే రాద్దామనుకున్నా. ఇంత పట్టలే. అందుకే కవరు పైన అంగడి పేరు పెద్ద అక్షరాలతో రాసినా.