నేపుల్స్ రేవులో బార్జి

ఏమండీ,

మధ్యధరా సముద్రంలో వారం రోజులు ఓడ మీద తిరిగి, నిన్ననే ఫుజైరా ఇంటికొచ్చాను. మీ సంవత్సరీకం అయ్యాక అమ్మాయే పట్టుబట్టి తీసుకెళ్లింది. ఏ రేవులో ఎన్నింటికి దిగాలో, ఎన్నింటికి ఎక్కాలో ముందే పుస్తకంలో రాసుకున్నాను. తీరా మార్సెయిల్, జెనోవా వచ్చినా గదిలోంచి కదల్లేదు. ఇరవై ఏళ్లు బార్జి మీంచి ఓడలకి ఆయిల్ పట్టిన మీరు ఒక్క ఓడా ఎక్కకుండానే వెళ్లిపోయారు, నాకు షికార్లేమిటి అనిపించింది.

నేపుల్స్‌లో పొద్దున్నే డెక్ మీంచి కిందికి చూస్తే మా ఓడను ఆనుకుని ఒక ఆయిల్ బార్జి ఉంది. నారింజరంగు డ్రెస్సులో ఒకాయన పైపు బిగిస్తున్నాడు. "పైన వందలమంది ఉంటారే, ఒక్కరూ చెయ్యి ఊపరు" అనేవారు కదా మీరు. ఊపాను. ఆయన చూడలేదు. చున్నీ తీసి ఊపాను. ఈసారి రెండు చేతులూ ఎత్తి, పక్కవాణ్ణి కూడా పిలిచి నన్ను చూపించాడు.

"ఎవరమ్మా, తెలిసినవాళ్లా?" అంది అమ్మాయి.

"మీ నాన్న డ్యూటీవాళ్లే."

"అయితే యల్లా, పద పద, బూట్లు వేసుకో."

ఆ రోజు, ఒకప్పుడు అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపే ఊరి రాతి వీధుల్లో సాయంత్రం దాకా నడిచాను. రెండువేల ఏళ్లనాటి పూటకూళ్ల అంగడిలో, గట్టు మీద కుండలు దించే గుంటల్ని జానతో కొలిచి చూశాను. తర్వాత పలెర్మోలో, మాల్టాలో అమ్మాయి కంటే ముందే తయారై తలుపు దగ్గర నిలబడింది నేనే.