రామ్‌సింగ్ బండి రివర్సు లైట్ల వ్యవహారం

కల్లూరు ఆటో ఎలక్ట్రీషియన్ మక్సూద్ భాయ్‌కి,

ఏన్కూరు అవతల అడవి అంచు తండా నుంచి రామ్‌సింగ్ నమస్కారాలు. ఇక్కడ నేను, నా భార్య ద్వాలి క్షేమం. మా పికప్పు క్షేమం కాదు. మా తండాకు ఫోన్ సిగ్నల్ రాదు కాబట్టి ఈ ఉత్తరం బస్సు కండక్టర్ రాంబాబు చేతికి ఇస్తున్నాను.

ఇన్నాళ్ళూ ట్రాక్టరు నడిపాను. అది అమ్మేసి సెకండ్ హ్యాండ్ పికప్పు కొన్నాను. భద్రాచలంలో హాస్టళ్ళకు బియ్యం తోలే కిరాయి ఉందట. హాస్టళ్ళ ఆఫీసులో ఉషారాణి మేడమ్ బండి చూసి ఇస్తారట. ఒక్క లైటు వెలగకపోయినా కిరాయి ఇంకొకరికే. అది రాకపోతే బండి అమ్ముకుని నేను కూలికి పోవడమే.

రివర్సు లైట్లు తప్ప అన్నీ వెలుగుతున్నాయి. కనబడిన స్విచ్చినల్లా నొక్కాను. వైపర్లు ఊగాయి, హారన్ మోగింది, పాట కూడా వచ్చింది. ద్వాలి వెనక నిలబడి "ఏం లేదు, ఏం లేదు" అంటూనే ఉంది.

బండి మీ దగ్గరికే తెద్దును గానీ మీ దుకాణం సందు అవతలివైపు మూసి ఉంటుంది. ఆ సందు మాకు పడదు.

ఇట్లు, ఆదుకుంటారని ఆశపడే
రామ్‌సింగ్

తా.క.: జవాబు జల్దీ రాయండి. ద్వాలి ఇంకా వెనకే నిలబడి ఉంది.

* * *

రామ్‌సింగ్ అన్నకు మక్సూద్ సలాం.

నా సందులోకి లారీలు వచ్చి పోతాయి. పడదని ఇంతవరకు ఎవరూ అనలేదు. సరే, నీ ఇష్టం.

ఇందులో భయపడేది ఏమీ లేదు. అయితే బల్బు, లేకుంటే ఫ్యూజు, అదీ కాకుంటే వైరు. అనుమానం ఉన్నది ఊడదీసి రాంబాబుతో పంపు, చూసి చెప్తాను.

నీ మేలు కోరే
మక్సూద్

తా.క.: పాట వచ్చిందని రాశావు. ఏ పాటో రాయలేదు. వదినను ఇక లోపలికి రమ్మను.

* * *

మక్సూద్ భాయ్‌కి నమస్కారాలు.

అనుమానం ఉన్నది పంపమన్నారు. నాకు అన్నిటి మీదా అనుమానమే. అందుకని బల్బులు, అవి ఉన్న డబ్బాలు, ఫ్యూజుల పెట్టె, వైర్లు, డాష్‌బోర్డు పంపుతున్నాను. బస్సులో ఒకాయన "ఇది మనుషుల బస్సా, సామాన్ల బస్సా" అని గొడవపడ్డాడట. రాంబాబు ఆయన ఒళ్ళోనే ఫ్యూజుల పెట్టె పెట్టాడట.

భాయ్, మేడమ్ సోమవారం చూస్తారని కబురొచ్చింది. నాకు అన్నం సయించడం లేదు.

ఇట్లు, సగం బండితో మిగిలిన
రామ్‌సింగ్

తా.క.: డాష్‌బోర్డులో ద్వాలి దువ్వెన ఉంది. అది లైట్లకు సంబంధించింది కాదు, తిప్పి పంపండి.

* * *

అన్నా,

నీ సామానంతా గోడకు తగిలించి బ్యాటరీ ఇచ్చాను. పెళ్ళిపందిరి లాగా వెలిగింది! దారిన పోయేవాళ్ళు ఆగి "ఎవరిది పెండ్లి?" అని అడిగారు. దేనిలోనూ దోషం లేదు. ఇన్నేళ్ళ పనిలో నాకింత అవమానం జరగలేదు.

మిగిలింది ఒక్కటే, గేర్ బాక్సు మీది స్విచ్చి. రివర్సు గేరు పడితేనే అది లైట్లు వెలిగిస్తుంది. నువ్వు రివర్సు గేరు వేసినప్పుడు అక్కడ టిక్కుమని చప్పుడు వస్తుందా రాదా? అది రాయి.

తల పట్టుకున్న
మక్సూద్

తా.క.: దువ్వెన పంపుతున్నాను. గేర్ బాక్సు మాత్రం పంపకు, నీకు దండం పెడతా.

* * *

మక్సూద్ భాయ్‌కి,

రివర్సు గేరా? మేమెందుకు వేస్తాం?

బండి ఇంటికొచ్చిన రోజే ద్వాలి మొక్కింది. "మొదటి కిరాయి సరుకుతోని పోయి భద్రాచలం రామయ్యకు దండం పెట్టేదాంక మా బండి ముందుకే పోవాలె, ఎనక్కి పోవద్దు" అన్నది. ఆనాటి నుంచి ఒక్క అడుగు వెనక్కి పోనివ్వలేదు. బండి తిప్పాలంటే మా పక్కనున్న జంపయ్య చేను చుట్టి వస్తాను. మొన్న వాగు దగ్గర ఎదురొచ్చిన ఎడ్లబండి పాపం తనే వెనక్కి పోయింది. మీ సందుకు రానిది కూడా అందుకే.

గేరుకూ లైటుకూ సంబంధం ఉందని మీరు ముందే చెప్పాలి కదా? ట్రాక్టరుకు ఇవన్నీ లేవు.

ఇప్పుడు చూడండి. కిరాయి వస్తే గాని మొక్కు తీరదు. మొక్కు తీరితే గాని రివర్సు గేరు వేయను. గేరు వేస్తే గాని లైటు వెలగదంటున్నారు. లైటు వెలిగితే గాని కిరాయి రాదు. భాయ్, మమ్మల్ని బతకనిస్తారా?

ఇట్లు, ముందుకే పోయే
రామ్‌సింగ్

తా.క.: ఆ ఎడ్లబండాయన ఇప్పుడు మాతో మాట్లాడడం లేదు.

* * *

అన్నా,

నీ ఉత్తరం చదివి దుకాణం మెట్ల మీద కూలబడ్డాను. నా భార్య మహబూబీ మంచినీళ్ళు తెచ్చి "ఏమైంది, ఎవరన్న పోయిండ్రా?" అని అడిగింది. పోయింది నా మతే అని చెప్పాను.

విను. సామానంతా బిగించు. ఇంజన్ స్టార్ట్ చేయకు. తాళం మాత్రం తిప్పి, రివర్సు గేరు వెయ్యి. బండి అంగుళం కదలదు. కదలని బండి వెనక్కి పోయినట్టెట్లా అవుతుంది? వదినను అడుగు. ఆమె సరేనంటే లైట్లు వెలుగుతాయి. వెలగకపోతే నా దుకాణానికి తాళం వేసుకుంటా.

నీ కిరాయి కోసం దువా చేస్తున్న
మక్సూద్

తా.క.: రాంబాబు ఈసారి డాష్‌బోర్డుకు టికెట్టు కొట్టి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. సుఖంగా వస్తోంది.

* * *

మక్సూద్ భాయ్‌కి వెయ్యి దండాలు.

వెలిగాయి! ద్వాలి చక్రాల వెనక రాళ్ళు పెట్టి, పైగా రెండు చేతులూ బండికి ఆనించి నిలబడింది. తాళం తిప్పి గేరు వేశాను. బండి కదల్లేదు, లైట్లు భగ్గున వెలిగాయి. భద్రాచలంలో మేడమ్ కూడా ఇంజన్ ఆపించే లైట్లు చూశారు. కిరాయి మనదే భాయ్! ద్వాలి, నేను ఇద్దరం ఆఫీసు ముందే ఏడ్చేశాం.

మొదటి సరుకు ఎక్కించుకుని పోయి రామయ్యకు దండం పెట్టుకున్నాం, మొక్కు తీరింది. అక్కడి నుంచి హాస్టలుకు పోయి గోడకూ వంటగదికీ మధ్య, ముందుకు దారి లేని పల్లంలోకి దూర్చి బియ్యం దించాను. ఇక అడ్డు లేదు కదా అని మొదటిసారి ఇంజన్ స్టార్ట్ చేసి రివర్సు గేరు వేశాను. లైట్లు వెలిగాయి. ఇంజన్ అరిచింది. బండి కదల్లేదు. ఎన్నిసార్లు వేసినా అంతే.

ఈ బండికి రివర్సు గేరు ఏనాడో చచ్చింది భాయ్. అమ్మినవాడు చెప్పలేదు, నేను వేసి చూడలేదు.

వంటమనిషి జంపక్క "తలుపుకు అడ్డం పెట్టినవు, లోపలికెట్ల పోవాలె, బువ్వెట్ల వండాలె?" అని గరిటె పట్టుకుని వచ్చింది. ఇంతలో ఉషారాణి మేడమ్ కూడా వచ్చారు. వచ్చిన కిరాయి ఆ పూటే పోయిందనుకున్నాను. ఆమె బస్తాల వంక చూశారు, నా వంక చూశారు. "బియ్యం టైముకు తెచ్చినవు. బండి ఎనక్కి పోకుంటే మాకేంది? తెచ్చిన బియ్యం మళ్ళ తీస్కపోతవా ఏంది?" అన్నారు. హాస్టలు పిల్లలు వచ్చి బండిని వెనక్కి తోశారు. కిరాయి నిలిచింది.

ఇట్లు, మీ మేలు మరువని
రామ్‌సింగ్

తా.క.: పిల్లలు తోసేటప్పుడు మేడమ్ "రివర్సు లైట్లు ఏసుకో, ఎవరికన్న తగుల్తది" అన్నారు. వేశాను. వెలిగేసరికి పిల్లలు చప్పట్లు కొట్టడానికి చేతులు వదిలేశారు, బండి పల్లంలోకి జారి మళ్ళీ గోడకానింది.