గొర్రెతల ముందు కూర్చున్న బ్యాటరీ

బావగారికి,

ఇక్కడ అందరం క్షేమం. మీరు పంపిన బ్యాటరీ కూడా క్షేమమే, కదలకుండా ఉంది.

మామగారి పడవలో కరెంటు మోటారును రోజంతా నెమ్మదిగా నడిపే బ్యాటరీ కావాలని మీ తమ్ముడు ఫోనులో మూడుసార్లు చెప్పారు. మీరేమో సంతలో పందెం గుర్రాన్ని ఏరినట్టు, లారీ ఇంజన్ను ఒక్క ఉదుటున లేపే బ్యాటరీని ఏరారు. "గుర్రాలు కొనేవాణ్ణి, నాకా చెప్తావు?" అన్నారట. నిజమే, పందెం గుర్రమే. ఒడ్డు నుంచి దూసుకుపోయి సరస్సు నడిమధ్య చచ్చింది.

ఇస్సిక్ కుల్ సరస్సు మీది గాలి మీకు తెలియనిది కాదు. డెబ్బై ఏళ్ల మామగారు ఆ ఎదురుగాలిలో తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరారు. ఇప్పటికీ టీ గిన్నె నేనే పట్టి తాగిస్తున్నాను. "పెద్దోడు మంచి మనసుతోనే పంపాడు లేమ్మా" అంటున్నారు.

పెద్దవాళ్లిచ్చిన కానుకను తిప్పి పంపకూడదు, అమ్మకూడదు. అందుకే గుమ్మానికి ఎదురుగా, పెద్ద అతిథిని కూర్చోబెట్టే చోట, పరుపు వేసి పెట్టాం. పక్కింటి సైరాగుల్ వచ్చి "ఎవరే ఈ పెద్దమనిషి?" అంది. మా బావగారి తరఫువాళ్లని చెప్పాను.

వచ్చేవారం మీరొస్తున్నారట. పెద్ద అతిథికి దక్కే గొర్రెతల ఎప్పటిలా మీ ముందే పెడతాం. కాకపోతే కాస్త పక్కకు జరిగి కూర్చోవాలి. మీ ఇద్దరిలో సలహాలివ్వనిది అదొక్కటే కదా, దాన్ని లేపడానికి మామగారు ఒప్పుకోవడం లేదు.

వినయంతో,
మీ మరదలు